తాళం ఎవరికి వేస్తున్నారు?

పోస్ట్ పొడుగైంది. ఒక్కసారే చదవలేకపోతే రెండుసార్లుగా చదవండి గానీ, సగం చదివి కామెంట్ పెట్టకండి.

పోయిన వారం హాస్టల్ రూల్స్ మీద ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. ఆడపిల్లల హాస్టల్‌కి సాయంత్రం ఆరు దాటగానే గేటు వెయ్యడం, రాత్రిళ్లు ఫోన్లు ఆఫీసు రూమ్‌లో పెట్టించుకోవడం, హాస్టల్ సంగతులు స్టేటస్‌లో పెట్టొద్దనడం, ఈ మూడూ మంచికే అని కొందరు అన్నలు రాశారు. "ఫ్రీడమ్ ముఖ్యమా, సేఫ్టీ ముఖ్యమా, ఒక్క మాటలో చెప్పండి" అని ఒక అన్న అడిగితే, కింద వరసగా సేఫ్టీ, సేఫ్టీ, సేఫ్టీ అని పడింది. ఆ రోజు నాకు ఇంటర్నల్స్ ఉన్నాయి, రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఒక్క మాటలో మాత్రం చెప్పలేను.

నాకు సేఫ్టీ వద్దా? ఎందుకు వద్దు. భద్రాద్రి జిల్లా ఏజెన్సీలో మాదొక చిన్న కోయ గూడెం. అక్కడి నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేను. మా నాయనకి సంతకం రాదు, వేలిముద్రే. నన్ను హన్మకొండ పంపించేటప్పుడు ఊళ్లో సగం మంది వద్దన్నారు. నా వెనక ఇంటర్ చదివే పిల్లలు ముగ్గురున్నారు. నాకేమన్నా అయితే నా చదువు ఒక్కటే ఆగదు, ఆ ముగ్గురినీ కూడా ఇంటికి పిలిపించేస్తారు. ఈ భయం నేను రోజూ మోస్తున్నదే. కాబట్టి సేఫ్టీ అనే మాటని ఎవరూ నాకు కొత్తగా నేర్పక్కర్లేదు.

కానీ రక్షణ పేరుతో ఎవరైనా ఒక రూల్ తెచ్చినప్పుడు నేను ముందు ఒకటి చూస్తాను. ఆ రూల్ ఎవరి కాళ్లకు పడుతోంది? కీడు చేసేవాళ్ల కాళ్లకా, కీడు ఎవరికి జరుగుతుందో వాళ్ల కాళ్లకా? ఈ తేడా వేరేవాళ్లకు తెలియకపోతే తెలియకపోవచ్చు. మనకు తెలియకుండా ఎట్లా పోద్ది? మన భూముల్ని కాపాడే చట్టమే ఈ తేడా మీద నిలబడింది కదా.

1/70 గురించి చెప్తున్నా. 1959 లో వచ్చిన ఏజెన్సీ భూ బదలాయింపు చట్టాన్ని 1970 లో గట్టిగా సవరించారు, దాన్నే మనం 1/70 అంటున్నాం. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. వాళ్ల చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది, కాదని వాళ్లే రుజువు చేసుకోవాలి. ఇది మా హక్కులకు అడ్డమని వాళ్లు కోర్టుకు పోయారు. 1988 లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. అంతకంటే ముందే రాజ్యాంగంలో ఉంది చూడండి. 19వ అధికరణంలో దేశంలో ఎక్కడైనా తిరిగే హక్కు, ఎక్కడైనా నివాసం ఉండే హక్కు అందరికీ ఇచ్చారు. అదే అధికరణం ఐదో క్లాజులో, ఈ హక్కులకు హద్దు పెట్టడానికి రెండే కారణాలు రాశారు. ఒకటి సాధారణ ప్రజల ప్రయోజనం. రెండోది షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ. మన పేరు పెట్టి రాశారు. పొలిటికల్ సైన్స్ క్లాసులో ఇది చదివిన రోజు పుస్తకంలో ఆ లైను కింద రెండుసార్లు గీత గీసుకున్నాను.

కాబట్టి స్వేచ్ఛకు హద్దే ఉండకూడదని నేను అనడం లేదు. అట్లా అంటే ముందు 1/70 ని తీసేయమనాలి. నిజమే, ఆ చట్టం వల్ల మనమూ బయటివాడికి భూమి అమ్ముకోలేం. కానీ దున్నుకోవడానికి, బిడ్డలకు ఇవ్వడానికి, ఇంకో గిరిజనుడికి అమ్ముకోవడానికి ఎవరూ అడ్డం రారు. బరువంతా కొనడానికి వచ్చేవాడి మీద పెట్టారు. (అమలు ఎంత బాగుందో ఏజెన్సీ మండల కేంద్రాల్లో మెయిన్ రోడ్డు మీద బిల్డింగులు చూస్తే తెలుస్తుంది. అది ఇంకో పోస్ట్.)

ఇప్పుడు ఇట్లా ఊహించండి. 1970 లో ప్రభుత్వం వేరే రకంగా ఆలోచించి, "కోయోళ్ల భూములు పోతున్నాయి, కాబట్టి కోయోళ్లు సంతకు రాకూడదు, షావుకారుతో మాట్లాడకూడదు, సాయంత్రం ఆరు తర్వాత గూడెం దాటకూడదు" అని చట్టం చేసి ఉంటే మన తాతలు ఏమనేవాళ్లు? భూములు తీసుకున్నోడు హాయిగా తిరుగుతుంటే మమ్మల్ని కట్టేస్తారేందని అడిగేవాళ్లు. నేను అడుగుతున్నది కూడా అదే.

అట్లాంటి చట్టం నిజంగానే ఒకటి ఉండేది కూడా. బ్రిటిష్ వాళ్లు 1871 లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం. 1911 లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన ఎరుకల వాళ్లను ఆ లిస్టులో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ అట్లా పుట్టిందే. చేతిలో పాస్ లేకుండా బయటకు పోకూడదు, హాజరు వేయించుకోవాలి, ఇదంతా "ప్రజల భద్రత" కోసం. దేశానికి స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకు, 1952 లో ఆ చట్టం రద్దయింది. హాస్టల్ సెటిల్‌మెంట్ కాదు, వార్డెన్ మేడమ్ పోలీసూ కాదు, ఆమె జ్వరమొస్తే రాత్రిపూట నా పక్కన కూర్చున్న మనిషి. అయినా అవుట్‌పాస్, రోల్‌కాల్ అనే మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ చరిత్ర గుర్తొస్తుంది. భద్రత పేరుతో పాస్ పట్టుకుని తిరగడం మనవాళ్లకు కొత్త కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆడవాళ్లను చీకటి పడ్డాక బయట తిరగనివ్వకపోవడం "మన సంప్రదాయం" అని ఒక అన్న రాశాడు. ఎవరి సంప్రదాయం అన్నా అది? ఇప్పపువ్వు కాలంలో మీ ఊళ్లో ఆడవాళ్లు ఎన్నింటికి లేస్తారు? పువ్వు రాత్రి నుంచి రాలుతుంటుంది. పొద్దెక్కితే పశువులు తింటాయి, ఇంకొకరు ఏరుకుపోతారు. మా అమ్మ, చిన్నమ్మ, పక్కింటి పెద్దమ్మ తెల్లారుజామున మూడున్నరకే గంపలు, టార్చిలైట్లు పట్టుకుని బయల్దేరేవాళ్లు. పదేళ్లప్పటి నుంచి నేనూ పోయేదాన్ని. అడవిలో భయం లేదా అంటే ఉంది. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం. మనకంటే ముందే చెట్టు కింద ఉంటుంది. అందుకని ఏం చేస్తారు? ఒక్కరే పోరు. గుంపుగా పోతారు, గట్టిగా మాట్లాడుకుంటూ, పాట పాడుకుంటూ పోతారు, మనిషి వస్తున్నట్టు దానికి తెలియడానికి. ఎవరు ఏ చెట్టు కింద ఉన్నారో మధ్యమధ్యలో కేకేసి చూసుకుంటారు. తునికాకు కోతలకూ అంతే. ఎలుగుబంటి ఉందని మా అమ్మను ఇంట్లో పెట్టి ఎవరూ తాళం వెయ్యలేదు. వేసుంటే ఆ ఏడు ఇంట్లో ఉప్పు, నూనె ఉండేవి కావు.

ఒకరికొకరు తోడుండటం, ఎవరెక్కడున్నారో తెలుసుకోవడం, గొంతెత్తి మాట్లాడటం, నాకు తెలిసిన రక్షణ ఇది. హాస్టల్‌కి వచ్చాక ఈ మూడూ తిరగబడ్డాయి. గుంపుగా బయటకు పోనివ్వరు. ఫోన్ లాక్కుంటారు కాబట్టి ఎవరెక్కడున్నారో తెలియదు. గొంతెత్తితే హాస్టల్ పరువు పోయిందంటారు.

గేటు సంగతి ముందు చూద్దాం. మా కాలేజీ లైబ్రరీ రాత్రి ఎనిమిదింటి దాకా తీసే ఉంటుంది. మా హాస్టల్ గేటు ఆరింటికి పడుతుంది. నాలుగున్నరకు క్లాసులయ్యి, నడిచొచ్చేసరికి ఐదున్నర. అంటే ఆ లైబ్రరీ మాకు లేనట్టే. మగపిల్లల హాస్టల్‌కి కూడా గేటుంది, తాళం ఎక్కడుందో వాచ్‌మెన్‌కి కూడా గుర్తున్నట్టు లేదు. గ్రూప్స్‌కి, ఎస్సైకి ప్రిపేర్ అవుతున్న అన్నలు రాత్రి పదింటి దాకా రీడింగ్ రూమ్‌లో చదువుకుని వస్తున్నారు, మంచిదే. అదే పరీక్ష మేమూ రాయాలి కదా. కేరళలో కోజికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు ఇదే విషయం మీద 2022 లో హైకోర్టుకు పోయారు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బయటికి పోనివ్వడం లేదని వాళ్ల గొడవ. ఆడపిల్లలకే ఎందుకీ తాళం అని కోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. మాకు తొమ్మిదిన్నర అంటే పండగే, అది వేరే మాట.

మా హాస్టల్‌కీ బస్టాప్‌కీ మధ్య నడిచే దారిలో రెండు వీధిలైట్లు నాకు తెలిసి ఏడాదిగా వెలగడం లేదు. ఆ మలుపులో ఒక పాన్‌డబ్బా, అక్కడ కూర్చుని కామెంట్లు చేసే బ్యాచ్. మేం లైట్ల గురించి చెప్పాం, బ్యాచ్ గురించి చెప్పాం. తర్వాత వచ్చిన మార్పు ఏంటంటే, గేటు ఏడు నుంచి ఆరుకు మారింది. లైట్లు అట్లాగే ఉన్నాయి, పాన్‌డబ్బా అట్లాగే ఉంది, ఆ అబ్బాయిలు ఏ టైమ్‌కి కావాలంటే ఆ టైమ్‌కి కూర్చుంటున్నారు. భయపెట్టినోడికి ఏమీ కాలేదు, భయపడ్డామని చెప్పినందుకు మాకు గంట తగ్గింది. మళ్లీ ఇంకో కంప్లైంట్ ఇవ్వాలంటే ఏ అమ్మాయికైనా ధైర్యం వస్తుందా? ఐదింటికే గేటు వేస్తే? అందుకే ఇట్లాంటి రూల్ రక్షణను కూడా తగ్గిస్తుంది. జరిగింది చెప్పుకోకుండా చేస్తుంది.

ఫోన్ల సంగతి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ఆఫీసులో పెట్టాలి. "ఫోన్ ఉంటే ఆడపిల్లలు పాడైపోతారు" అని రాసిన తమ్ముడు రాత్రి ఒకటిన్నరకు ఆ కామెంట్ పెట్టాడు, టైమ్ కనిపిస్తోంది తమ్ముడూ. సరే, విషయానికొస్తాను. మా గూడెంలో సిగ్నల్ ఉండదు. నాయన చేను నుంచి వచ్చి, తిని, చెరువు కట్ట మీదికి పోతే రెండు గీతలు వస్తాయి. ఆయన ఫోన్ చేసేది ఎనిమిదిన్నరకు. ఆ టైమ్‌లో నా ఫోన్ ఆఫీసు బీరువాలో మోగుతుంటుంది. మొదటి రెండు వారాలు నేను ఎత్తకపోయేసరికి అమ్మ తిండి మానేసింది. పట్నంలో అమ్మానాన్న ఉన్న పిల్లకూ, అడవి లోపలి నుంచి వచ్చిన పిల్లకూ ఫోన్ ఒకే వస్తువు కాదు. నా స్కాలర్‌షిప్ ఓటీపీ దాంట్లో వస్తుంది. లెక్చరర్లు నోట్స్ దాంట్లోనే పంపిస్తారు. నాకు ట్యూషన్ లేదు, ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు లేరు, అర్థం కాని ఎకనామిక్స్ పాఠం రాత్రిపూట యూట్యూబ్‌లో తెలుగులో వినే నేర్చుకుంటున్నాను.

దీని మీద కూడా తీర్పుంది, ఎక్కువ మందికి తెలియదు. కేరళలోనే, కోజికోడ్ జిల్లా చేలన్నూరులో డిగ్రీ చదివే ఫహీమా షిరీన్ అనే అమ్మాయి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ ఇవ్వాలన్న హాస్టల్ రూల్ ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె హైకోర్టుకు పోయింది. 2019 సెప్టెంబర్‌లో జస్టిస్ పి.వి. ఆశ తీర్పు ఇచ్చారు. ఇంటర్నెట్ వాడుకునే హక్కు చదువు హక్కులోనూ, 21వ అధికరణం కింద ఉన్న వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని, ఆమెను మళ్లీ హాస్టల్‌లో చేర్చుకోవాలని. గోప్యత ప్రాథమిక హక్కని 2017 లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు కూర్చుని చెప్పారు కదా, దాని మీదనే ఇది నిలబడింది. కేరళ హైకోర్టు తీర్పు మన రాష్ట్రంలో నేరుగా ఆర్డర్ కాదు, కానీ మన దగ్గర కూడా ముందు పెట్టి వాదించొచ్చు. ఆ అమ్మాయి మనలాగే హాస్టల్ పిల్ల, మన వయసుదే. నాకు అదే ధైర్యం. చదువుకునే టైమ్‌లో పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా సైలెంట్‌లో పెట్టాలి, స్పీకర్ పెట్టి రీల్స్ చూడకూడదు అని రూల్ పెట్టండి, మొదటి సంతకం నాదే. అందరి ఫోన్లూ గుంజుకోవడం వేరు.

ఇప్పుడు మాట్లాడే స్వేచ్ఛ దగ్గరికి వస్తా. అసలు గొడవ ఇక్కడుంది.

మా ఫ్లోర్‌లో ఒక చెల్లె అన్నంలో పురుగుల ఫొటో తీసి స్టేటస్ పెట్టింది. పేరు లేదు, హాస్టల్ పేరు కూడా లేదు. "ఈ రోజు స్పెషల్" అని రాసి నవ్వే బొమ్మ పెట్టింది, అంతే. పొద్దున్నే పిలిచి తీయించారు. "బయట ఎవరైనా చూస్తే హాస్టల్ మూసేస్తారు, మీరందరూ రోడ్డు మీద పడతారు, మీ సేఫ్టీ కోసమే చెప్తున్నాం" అన్నారు. పిల్ల ఏడ్చుకుంటూ తీసేసింది. మనలో సీనియర్లు కొందరు కూడా, మన పరువు మనమే తీసుకోకూడదు, లోపల మాట్లాడుకోవాలి అన్నారు.

లోపల ఎవరితో మాట్లాడాలి? కంప్లైంట్ బాక్స్ తాళంచెవి ఎవరి మీద కంప్లైంటో వాళ్ల దగ్గరే ఉంటుంది.

2024 అక్టోబర్ చివర్లో వాంకిడి గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో పిల్లలు పదుల సంఖ్యలో జబ్బు పడ్డారు. ఫుడ్ పాయిజనింగ్ అని వార్తలొచ్చాయి. తొమ్మిదో తరగతి చదివే ఒక చెల్లె హైదరాబాద్ నిమ్స్‌లో వారాల తరబడి ఉండి నవంబర్‌లో చనిపోయింది. మన గ్రూపులో అందరం డీపీలు నల్లగా మార్చుకున్నాం, గుర్తుందా? ఆ రోజు "ముందే ఎవరూ చెప్పలేదా" అని ఎంతమంది రాశారు! ముందే చెప్పడమంటే ఇదే అన్నా. అన్నంలో పురుగు ఉన్న రోజు ఫొటో పెట్టడమే. మనిషి పోయాక డీపీ మార్చుకునే స్వేచ్ఛ అందరూ ఇస్తారు.

రాజ్యాంగం మాట్లాడే హక్కుకు కూడా హద్దులు పెట్టింది, 19(2) లో. దేశ సార్వభౌమాధికారం, భద్రత, ఇతర దేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. మొత్తం చదివాను, ఉడకని అన్నం గురించి ఎక్కడా లేదు. పరువు నష్టం ఉంది కదా అనొచ్చు. నిజాన్ని, ప్రజల మేలు కోసం చెప్తే అది పరువు నష్టం కాదని ఆ నేరం రాసిన సెక్షన్‌లోనే మొదటి మినహాయింపుగా ఉంది. ప్లేటులో పురుగు నిజం, తినేవాళ్లు వందమంది పిల్లలు. ఇంకేం కావాలి?

లైక్ కొట్టడానికి కూడా భయపడేవాళ్లు ఇక్కడున్నారు, నాకు తెలుసు. 2012 లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే లా స్టూడెంట్ సుప్రీంకోర్టులో కేసు వేస్తే, 2015 మార్చి 24న ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌నే కొట్టేశారు. ఒక అభిప్రాయం గురించి చర్చించడం, దాన్ని సమర్థించడం వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరు అని ఆ తీర్పు గీత గీసింది.

ఆ గీత మనకూ కావాలి. ఎందుకంటే మాటతో చంపొచ్చు కూడా. 2018 లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి, మన జిల్లాల్లో కూడా ఊరూరా కర్రలు పట్టుకుని కాపలా కాసినవాళ్లున్నారు. ఆ జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని కొట్టి చంపేశారు. చనిపోయినవాళ్లు బిక్షాటన చేసుకునే సంచార జాతి వాళ్లు, మనకంటే పేదవాళ్లు. ఒక్క ఫార్వర్డ్ వల్ల. తర్వాత వాట్సాప్ ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపలేకుండా చేసింది. నాకు అది మంచి హద్దు అనిపిస్తుంది. ఎవరి నోరూ మూయలేదు, వదంతి పరుగెత్తే వేగాన్ని తగ్గించింది.

మన ఇంట్లో సంగతి కూడా రాయాలి, కోపం రావొచ్చు. ఎస్టీ జాబితాలో ఎవరుండాలి, రిజర్వేషన్ ఎట్లా పంచుకోవాలి అని కోయ, గోండు అన్నలకూ లంబాడా అన్నలకూ మధ్య వాదన ఉంది. కోర్టులో కేసు వెయ్యొచ్చు, ధర్నా చెయ్యొచ్చు, ఇక్కడ వంద పోస్టులు రాయొచ్చు, అది హక్కు. కానీ "వాళ్ల ఆడోళ్లు" అని మొదలుపెట్టి రాసే రాతలు, "తరిమి కొట్టండి" అనే వాయిస్ మెసేజ్‌లు ఏ హక్కు? 2017 డిసెంబర్‌లో ఉట్నూర్ వైపు ఏం జరిగిందో అక్కడి అన్నలే చెప్పాలి. అడ్మిన్ అన్నలు హాస్టల్ అన్నం గురించి పెట్టిన పోస్టుని పది నిమిషాల్లో డిలీట్ చేశారు, ఆ వాయిస్ మెసేజ్ మూడు రోజులు ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకొకటి. ఈ గ్రూపులో పోస్టులు రాసే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో పైకి జరిపి లెక్కపెట్టండి. సభ్యుల్లో మేం చాలామందిమే ఉన్నాం. రాసిన ప్రతిసారీ ఇన్‌బాక్స్‌లో "హాయ్", "నీది ఏ ఊరు", "డీపీ బాగుంది" మొదలవుతుంది. నా ఫ్రెండ్ ఊళ్లో భూమి పండుగకు కట్టుకున్న చీరతో ఫొటో పెట్టుకుంటే, దాన్ని ఎత్తి ఎవరో దొంగ అకౌంట్ తెరిచారు. ఇంట్లో తెలిసింది. వాళ్ల అన్న ముందు అడిగిన మాట, "ఫొటో ఎందుకు పెట్టినవ్?" ఎత్తినోడెవడో ఎవరూ అడగలేదు. ఆమె ఫోన్ నంబర్ మార్చింది, ఫేస్‌బుక్ తీసేసింది, మన గ్రూపు నుంచి కూడా పోయింది. ఇది కూడా తాళమే. మాట్లాడే స్వేచ్ఛకు రక్షణ అడ్డమని అంటుంటారు గానీ, మాకు రక్షణ లేకనే మాట పోతోంది. దొంగ అకౌంట్ తెరిస్తే ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్లు ఉన్నాయి. వద్దన్నా వెంటపడటం, ఆన్‌లైన్‌లో మీద కన్నేసి ఉండటం కొత్త న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద జరిగిన నేరాలైతే పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్. చెల్లెళ్లు రాసి పెట్టుకోండి.

పెద్ద తాళం ఇంకొకటుంది, అది సర్కారు వేసేది. 2024 సెప్టెంబర్‌లో జైనూర్‌లో మన ఆదివాసీ అక్క మీద జరిగిన దాడి తర్వాత గొడవలు, కర్ఫ్యూ, ఇంటర్నెట్ బంద్. వదంతులు ఆపడానికి కొన్ని గంటలు నెట్ ఆపడం అవసరమే కావొచ్చు, అక్కడ లేనిదాన్ని, నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ నెట్ లేకపోతే వదంతి ఆగదు, అది నోటితో కూడా నడుస్తుంది. ఆగేది నిజం చెప్పేవాడి వీడియో, ఆస్పత్రికి డబ్బులు పంపే ఫోన్‌పే, అప్లికేషన్ ఆఖరి తేదీ. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నెట్ ఆపే ఆర్డర్‌ని బయటపెట్టాలి, ఎంతకాలమో లేకుండా ఆపకూడదు, అవసరానికి మించి ఆపకూడదు అని. ఆర్డర్ కాగితం మీద ఉంటేనే ఎవరైనా కోర్టులో అడగగలరు. నాకు ఇదే పాయింట్ హాస్టల్‌కి కూడా కావాలి. మా రూల్స్ ఒక్కటీ కాగితం మీద లేదు. అన్నీ నోటి మాటలే. ఎవరు పెట్టారంటే "పైనుంచి". పైన ఎవరంటే చెప్పరు.

మా అమ్మతో ఈ విషయాలన్నీ మాట్లాడాను, దసరా సెలవుల్లో. ఆమె గేటు ఉండాల్సిందే అంది. "నువ్వు పట్నంలో ఉన్నవ్, అడవిలో కాదు. ఎలుగుబంటికి భయపడితే అరుస్తవ్, మనిషికి భయపడితే ఎట్ల అరుస్తవ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. అయితే కాసేపాగి ఆమే అడిగింది, మీతో పాటు ఇంకా ఎంతమంది ఆ టైమ్‌కి పుస్తకాల రూమ్ నుంచి వస్తారని. పన్నెండు మంది అన్నాను. "పన్నెండు మంది కలిసి వస్తే ఎవడేం చేస్తడు" అంది. మా అమ్మ కోర్టు తీర్పులు చదవలేదు.

కాబట్టి గేటు తీసేయమని నేను అడగడం లేదు. ఎనిమిదిన్నర దాకా తెరవండి, రెండు హాస్టళ్లకూ ఒకే టైమ్ పెట్టండి, లైబ్రరీ నుంచి గుంపుగా వస్తాం, రిజిస్టర్‌లో సంతకం పెడతాం. లైట్లు వేయించండి, పాన్‌డబ్బా దగ్గరికి వారానికి రెండుసార్లు షీ టీమ్‌ని పిలవండి. ఫోన్ మా దగ్గరే ఉండనివ్వండి. వంట చూసే కమిటీలో ప్రతి ఫ్లోర్ నుంచి ఒకరిని పెట్టండి, ఫొటో తీస్తే తీయనివ్వండి. ఏ రూల్ పెట్టినా కాగితం మీద, కింద సంతకంతో, నోటీసు బోర్డు మీద పెట్టండి. ఈ నాలుగు ముక్కలూ రాసిన లెటర్ తయారైంది, మా ఫ్లోర్‌లో ఇరవై ఆరు మంది సంతకాలు పెట్టారు. పెట్టనివాళ్లున్నారు, వాళ్ల ఇళ్లల్లో భయం ఎక్కువ, వాళ్లను ఏమీ అనకండి. వచ్చే సోమవారం జిల్లా గిరిజన సంక్షేమ ఆఫీసులో ఇస్తున్నాం.

మీ దగ్గర నుంచి నాకు కావాల్సింది ఒకటే. మీ హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు, అబ్బాయిలదీ అమ్మాయిలదీ వేరువేరుగా రాయండి. ఫోన్ రూల్ ఉందా, ఉంటే ఆ ఆర్డర్ కాగితం ఎవరైనా కళ్లతో చూశారా రాయండి. ఉట్నూర్, ఏటూరునాగారం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, శ్రీశైలం వైపు వాళ్లు తప్పకుండా రాయండి. పేరుతో రాయడానికి ఇబ్బందైతే నాకు ఇన్‌బాక్స్ చేయండి, ఊరు, పేరు లేకుండా లెటర్‌కి జతచేస్తాను. "హాయ్" అని మాత్రం పెట్టకండి.